నెలపొడుపు దాకా

జెలిగ్ మొదటిసారి ఫ్రూమా వాకిట్లోకి వచ్చినప్పుడు ఒంటి మీద జ్వరం, చేతిలో చిన్న చెక్కపెట్టె. పాలెం పెద్ద కల్మాన్ అతన్ని ముందుకు తోసి, "నీ కొట్టం పక్క గది ఖాళీయేగా ఫ్రూమా. ఈ అబ్బాయిని ఉండనీ. కాపలాకి కొత్తగా పెట్టుకున్నాం," అన్నాడు.

ఫ్రూమా అతన్ని పాదాల నుంచి తల దాకా చూసింది.

"వీడు మనకి కాపలానా, మనం వీడికి కాపలానా?" అంది.

జెలిగ్ నవ్వబోయి గోడ పట్టుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లి చాప పరిచింది.

అతనికి పందొమ్మిదేళ్లు. ఆమెకు యాభై దాటాయి. పిల్లలు లేరు. రుమేనియా నుంచి భర్తతో వచ్చి, ఈ గలిలయ కొండ మీద రాళ్లు ఏరి బాదం మొక్కలు నాటిన మొదటివాళ్లలో ఆమె ఒకతె. చెట్లు కాపుకొచ్చిన ఏడు భర్త చలిజ్వరంతో పోయాడు. ఆయన జోళ్లు తలుపు వెనక ఉండిపోయాయి. చనిపోయినవాడి జోళ్లు ఎవరూ తొడగకూడదు. పాతిపెట్టాలి, లేదంటే అట్టలు కోసి పారెయ్యాలి. ఫ్రూమా ఆ రెండూ చెయ్యలేదు. ఏడాదికోసారి, పస్కా పండక్కి ఇల్లు కడిగేటప్పుడు వాటిని ఎండలో పెట్టి, నూనె రాసి, మళ్లీ తలుపు వెనకే ఉంచేది.

జ్వరం తగ్గాక జెలిగ్ మాటలు మొదలుపెట్టాడు. ఉత్తరాన, ఏడాదిలో సగం గడ్డకట్టే ఒక నది ఒడ్డున పుట్టాడు. తండ్రి అడవి దుంగల్ని తెప్పలు కట్టి దిగువకు తోలేవాడు. మంచు విరిగే కాలంలో ఒకసారి తెప్ప తిరగబడింది. మనిషి దొరకలేదు. రెండేళ్ల తర్వాత ఆ ఊళ్లో జనం యూదుల ఇళ్ల మీద పడ్డారు.

"నేను మంచం కింద ఉన్నాను పిన్నీ," అన్నాడు జెలిగ్. "అక్కణ్ణుంచి వాళ్ల బూట్లు కనిపించాయి. మా తాతయ్య పాదాలు కనిపించాయి. అంతే కనిపించింది."

ఆమె వంకాయలు కోస్తోంది. కత్తి ఆగింది.

"పిల్లాడివి. ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యలేదు. అదే కదా."

ఆ తర్వాత అతను ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఓడెక్కి యొప్పే రేవులో దిగాడు. నారింజ తోటల్లో తవ్వాడు, రోడ్లకు కంకర కొట్టాడు, జ్వరాలు పడ్డాడు, చివరికి కావలివాళ్ల దళంలో చేరాడు. అంతకుముందు యూదుల పాలేలకు చెర్కెస్‌లు, కాకసస్ కొండల నుంచి వలసొచ్చిన ముస్లిం రౌతులు, కాపలా కాసేవారు. మా పొలాలు మేమే కాసుకుంటామని కుర్రాళ్లు కొందరు గుర్రాలెక్కారు. వాళ్ల కట్టుబాట్లు కొన్నే. మారు మనిషి రాకుండా చోటు వదలకూడదు. గుర్రాన్ని పోగొట్టుకోకూడదు. మొదటి తూటా ఆకాశానికే. నెత్తురు పడితే అది అక్కడితో ఆగదని వాళ్లకు తెలుసు. చుట్టూ ఉన్న ఊళ్లలో నెత్తురుకు నెత్తురు బాకీ.

పాలెంలో పెద్దవాళ్లకు ఈ కుర్రాళ్ల మీద నమ్మకం లేదు. ప్రార్థనకు రారు, టోపీ పెట్టరు. "చెర్కెస్ వాడు దొంగో దొరో, మగాడు," అనేవాడు కల్మాన్. "వీళ్లు జ్వరమొస్తే గుర్రం దిగలేరు, తగ్గితే ఎక్కలేరు."

జెలిగ్‌కి గుర్రమెక్కడం నేర్పింది దిగువూరి దీబ్. కొండ కింద అరబ్బుల ఊరది. దీబ్‌కి పుచ్చతోట ఉండేది. జెలిగ్ ఈడువాడే. గుర్రం మెడ మీదికి ఎలా వాలాలో, గుడారంలోకి వెళితే ఎవర్ని ముందు పలకరించాలో, కాఫీ గిన్నె చాలనడానికి ఎలా ఊపాలో, అన్నీ అతనే చెప్పాడు. దీబ్ తల్లి పొద్దున్నే మేకపెరుగు కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కి ఫ్రూమా దగ్గరికి వచ్చేది. ఆమె అసలు పేరు ఏమిటో పాలెంలో ఎవరికీ తెలియదు. పెద్ద కొడుకు పేరు మీద అందరికీ దీబ్ తల్లే. వాకిట్లో కూర్చుని మోకాళ్లు పిసుక్కునేది.

"మీ కొండ ఏడాదికేడాది ఎత్తు పెరుగుతోందక్కా."

"మా కొండ కాదు, నీ నడుం. నా పెరుగు పలచనవుతోంది, అది చూసుకో."

"మేకలు తిట్లు తిని పాలిస్తాయా. నువ్వొచ్చి బతిమాలు."

జెలిగ్ ఫ్రూమా ఇంట్లో రెండేళ్లు ఉన్నాడు. ఎర్రమట్టి రంగు ఆడగుర్రాన్ని సొంత చెల్లెల్లా చూసుకున్నాడు. ఫ్రూమా శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాల ముందు నిలబడి చేసే ప్రార్థనలో ఇద్దరి పేర్లుండేవి, ఒకటి పోయినవాడిది, ఒకటి ఉన్నవాడిది. ఆ సంగతి ఆమె అతనికి చెప్పలేదు.

మూడో ఏడు బాదంకాయలు పగులుబారే రోజుల్లో, పొద్దు వాలాక, కింది మడిలో ఆకుల చప్పుడు విని జెలిగ్ కేకేశాడు. జవాబు రాలేదు. మళ్లీ కేకేశాడు. కట్టుబాటు ప్రకారం తుపాకి ఎత్తి ఆకాశంలోకి కాల్చాడు.

మనిషి చెట్టు మీద ఉన్నాడు.

కింద పడ్డవాడి నడుముకు గోనెసంచి కట్టి ఉంది. సగం దాకా బాదంకాయలు. ముఖం చూస్తే దీబ్ తమ్ముడు ఫయాద్. జెలిగ్ అతన్ని తన గుర్రం మీద వేసుకుని, తనే దిగువూరికి తీసుకెళ్లాడు. ఎవరు కాల్చారని ఎవరూ అడిగే పని లేకపోయింది. తల్లి గడప దగ్గరే ఫయాద్ పోయాడు.

రెండు ఊళ్ల పెద్దలూ కళ్లంలో కూర్చున్నారు. సొమ్ము పుచ్చుకుని రాజీ పడటానికి దీబ్ తల్లి ఒప్పుకోలేదు. "నా బిడ్డని తూకం వెయ్యకండి," అంది. పెద్దలు గడువు మాత్రం పెట్టగలిగారు. నెలపొడుపు దాకా జెలిగ్ మీద ఎవరూ చెయ్యెత్తరు. అతను వెళ్లి దీబ్ వాకిట్లో నిద్రపోయినా భయం లేదు. చంద్రుడు కనబడ్డాక ఎవరి దారి వారిది.

దళానికి కబురు వెళ్లింది. కావలివాళ్లు ఒక చోటికి నెలకు నెల మాట ఇస్తారు, నెల మధ్యలో మనిషిని మార్చరు. కొత్త నెలకు మారు మనిషిని పంపుతామని జవాబొచ్చింది. అప్పుడు జెలిగ్ అదే బండిలో యొప్పేకి వెళ్లిపోవాలి. ఈలోగా రాత్రి కాపలా కల్మాన్ కొడుకులు చూసుకున్నారు. పగలు ఆడపిల్లలు కోతకు వెళ్లేటప్పుడు జెలిగ్ తోటలో ఉండేవాడు.

"ఇవాళే వెళ్లిపోరా," అంది ఫ్రూమా. ఆ మాట రోజూ అంది. రొట్టె పెట్టేటప్పుడు, చొక్కా ఉతికేటప్పుడు.

"మారు మనిషి వచ్చాక పిన్నీ."

"చెట్లని ఎవడెత్తుకుపోతాడు?"

"నేను వెళితే పిల్లలు తోటలోకి దిగరు. కల్మాన్ చెర్కెస్‌లకి కబురు పెడతాడు. చూశారా, కుర్రకుంకలు మంచం కింద దూరారు, అంటాడు."

మంచం మాట విని ఆమె తడి చొక్కా తీసుకుని తీగ దగ్గరికి నడిచింది.

గడువు సగం గడిచాక దీబ్ గాడిద మీద పుచ్చకాయలు వేసుకుని పాలెంలోకి వచ్చాడు. గడువులో బేరాలు ఆగవు. ఫ్రూమా గుమ్మంలో కాయలు దించాడు. జెలిగ్ గుర్రం గిట్టలు శుభ్రం చేస్తున్నాడు. ఫ్రూమా కిటికీ వెనక నిలబడింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు దీబ్.

"మారు మనిషి రాలేదు."

"మీ వాళ్లకి మనుషుల కరువా? ఓడకొకడు దిగుతాడుగా."

"దిగినవాడికి గుర్రమెక్కడం రావాలిగా."

"నీకొచ్చిందేంటి? నా కళ్ల ముందే మూడుసార్లు పడ్డావు."

"నాలుగు. ఒకటి నువ్వు చూళ్లేదు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు చప్పున ఆగిపోయింది. దీబ్ గాడిద చెవి సవరిస్తూ నేల చూపు చూశాడు.

"మా అమ్మ ఫయాద్ చొక్కా ఉతకలేదు. పొద్దుటా సాయంత్రం దాన్ని నా ముందు పరుస్తుంది. దాని మీద రొట్టె పెట్టి, తిను, అంటుంది."

"తింటున్నావా?"

"తినకపోతే ఎదురుగా కూర్చుంటుంది. తను కూడా తినదు." దీబ్ గాడిద తాడు బిగించాడు. "నువ్వు దమస్కు పో. ఇంకెక్కడికైనా పో. నువ్వు లేకపోతే వెతుకుతున్నానని చెప్తాను. ముసలాణ్ణయ్యే దాకా వెతుకుతాను. ఎవరూ కాదనరు."

"మాటిచ్చాను దీబ్."

"నేనూ ఇచ్చాను."

పుచ్చకాయలకు ఫ్రూమా ఇవ్వబోయిన డబ్బు అతను తీసుకోలేదు. వెళుతూ గుర్రం మూతి నిమిరాడు.

మర్నాడు ఫ్రూమా కొండ దిగింది. దీబ్ తల్లి ఆమెను చూసి లేచి, చాప పరిచి, వేడి రొట్టె, ఆలివ్ నూనె, ఉల్లిపాయ తెచ్చి పెట్టింది. ఫ్రూమా ముట్టుకోలేదు. ఆ ఊళ్లో అతిథి తన ముందు పెట్టింది ముట్టకుండా కూర్చుంటే ఏదో అడగడానికి వచ్చినట్టు. ఏం కావాలో చెప్పు, ఇస్తాను, తిను, అని ఇంటివాళ్లు అనాలి. అన్నాక ఇవ్వక తప్పదు.

దీబ్ తల్లి అనలేదు.

"తినక్కా. చల్లారిపోతుంది."

ఫ్రూమా చేతులు ఒడిలో పెట్టుకుంది. ఈగలు నూనె మీద వాలాయి. చొక్కా గోడకు వేలాడుతోంది.

"నువ్వు అడిగితే నేను ఇవ్వాలి," అంది దీబ్ తల్లి. "అందుకే అడగనివ్వను. కోపం పెట్టుకోకు."

"అది పొరపాటున తగిలింది. వాడు పైకే కాల్చాడు. నీకూ తెలుసు."

"తెలుసు. వాడే మోసుకొచ్చాడుగా, వాడి ముఖం చూశాను." ఆమె రొట్టెను తుంచి మళ్లీ అక్కడే పెట్టింది. "వాడు చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది. మా వాళ్లు దీబ్‌ని బావి దగ్గర పలకరించడం మానేశారు. ఆడవాళ్లు నా కుండ పక్కన కుండ పెట్టడం లేదు. నాకు ఒక్క కొడుకు మిగిలాడు, వాడు ఈ ఊళ్లో తలెత్తుకు తిరగాలి. నువ్వైతే ఏం చేస్తావు?"

ఫ్రూమాకు కొడుకులు లేరు. ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. లేచింది. దీబ్ తల్లి రొట్టెను గుడ్డలో చుట్టి చేతిలో పెట్టబోయింది. ఫ్రూమా తీసుకోకుండానే కొండెక్కింది. దారిలో రెండుసార్లు కూర్చుంది.

ఒక సాయంత్రం, తీగ మీది బట్టలు తీస్తుంటే, పడమటి గట్టు మీద, ఎండాకాలపు దుమ్ములో, ఆమెకు చంద్రుడు కనిపించాడు. గోటి ముక్కంత. సన్నగా, ఎర్రగా, దిగిపోతూ. బట్టలు అక్కడే పడేసి కల్మాన్ ఇంటికి నడిచింది.

కల్మాన్ భోజనం ముందు చేతులు కడుక్కుంటున్నాడు. విన్నాడు. గోడకున్న పంచాంగం దగ్గరికి వెళ్లి వేలు పెట్టాడు.

"చూడు. ఈ నెలకి తల, అంటే నెల మొదలు పండగ, రెండు రోజులు. రేపు పోయే నెలకి ఆఖరు రోజు. ఎల్లుండే మొదటి రోజు. ఎల్లుండి పొద్దున్నే మందిరంలో కొమ్ము ఊదుతాం. రేపు పొద్దుగుంకేలోగా మారు మనిషి వస్తాడు. అంతా లెక్క ప్రకారమే ఉంది."

"నేను చూశాను కల్మాన్."

"వెయ్యేళ్ల కింద మన పెద్దలు లెక్క కట్టి పెట్టారు, జనం మేడలెక్కి ఆకాశం చూడక్కర్లేకుండా."

"దిగువూరికి పంచాంగం లేదుగా. వాళ్లు ఆకాశమే చూస్తారు."

కల్మాన్ తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "ఆ దుమ్ములో నీకేం కనిపించిందో," అన్నాడు. కానీ అతను పంచాంగం వైపు మళ్లీ చూశాడు. "పోనీ, మా వాళ్లని ఈ రాత్రి మీ ఇంటి చుట్టూ తిరగమంటాను."

జెలిగ్ ఆమె చెప్పింది విని నవ్వలేదు.

"ఎంత ఎత్తున?"

"గట్టుకి బెత్తెడు పైన."

"మనం పైన ఉన్నాం కాబట్టి కనిపించింది. వాళ్ల ఊరికి పడమట కొండ అడ్డం. కనిపించి ఉండకపోవచ్చు."

"కనిపించి ఉండొచ్చు."

"ఉండొచ్చు," అన్నాడు.

ఇద్దరూ చెవులు దిగువూరి వైపు పెట్టి కూర్చున్నారు. ఆ సాయంత్రం అక్కణ్ణుంచి ఏ చప్పుడూ రాలేదు. కుక్కలు కూడా మామూలుగానే మొరిగాయి.

"గుర్రమెక్కి ఇప్పుడే వెళ్లరా."

"కింది మడి కోత రేపొక్కరోజే ఉంది పిన్నీ. పిల్లలు వస్తారు."

"నీ తాతయ్య నిన్ను మంచం కింద ఎందుకు దాచాడనుకున్నావు? బతకమని కాదూ?"

జెలిగ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "తాతయ్య దాచలేదు. నేనే దూరాను," అని తన గదికి వెళ్లి పడుకున్నాడు. నిద్ర కూడా పోయాడు. గోడ అవతల నుంచి అతని ఊపిరి ఆమెకు వినిపించింది.

తెల్లవారకముందే ఫ్రూమా లేచి, అతని గుమ్మం ముందున్న బూట్లు తీసుకుని, వాకిట్లో రొట్టెల పొయ్యిలో పెట్టి, మూత మీద పెద్ద రాయి ఎత్తి పెట్టింది. కావలివాళ్లకు రెండో జత ఉండదు. ఆ తోట నిండా పల్లేరుకాయల్లాంటి ముళ్లు, కత్తుల్లాంటి రాళ్లు. వట్టి కాళ్లతో ఎవరూ దిగలేరు.

పొద్దు పొడిచాక జెలిగ్ గదిలో వెతికాడు, కొట్టంలో వెతికాడు. తర్వాత వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యి పిన్నీ."

"ఏంటి?"

"ఆడపిల్లలు వీధి చివర నిలబడ్డారు. ఇచ్చెయ్యి."

"నక్కలు ఎత్తుకుపోయాయేమో. కావలివాడి బూట్లకే కావలి లేదు, ఇంక తోటేం కాస్తావు? పడుకో. మధ్యాహ్నానికి వెతుకుదాం."

అతను నవ్వాడు. అతని చూపు ఇల్లంతా తిరిగి తలుపు వెనక ఆగింది. ఆమెకు అర్థమయ్యేలోపు వంగి జోళ్లు అందుకున్నాడు.

"అవి వద్దు," అంది ఫ్రూమా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అవి పోయినవాడివి. తొడక్కూడదు. నీ బూట్లు ఇస్తాను, ఆగు."

"తోలు తోలే పిన్నీ. నూనె రాసి మెత్తగా ఉంచావు కూడా." అప్పటికే తాళ్లు ముడివేస్తున్నాడు. "కొంచెం వదులు. సాయంత్రం ఇచ్చేస్తాను. నావి బయటపెట్టు, యొప్పేకి అవి కావాలి."

ఆమె వాకిట్లోకి పరిగెత్తింది. రాయి బరువుగా ఉంది. పొద్దున ఎలా ఎత్తిందో గానీ, అది ఇప్పుడు కదల్లేదు. ఆమె మూత తీసేసరికి గుర్రం వీధి మలుపు తిరిగింది.

పొద్దు బారెడెక్కాక కింది మడి వైపు నుంచి ఒక తుపాకి మోత వినిపించింది. కాసేపాగి ఇంకొకటి.

ఆడపిల్లలు బుట్టలు లేకుండా పైకి వచ్చారు. చెట్ల వెనక ఎవరో కదిలారట. జెలిగ్ వాళ్లను గట్టు మీదికి ఎక్కించి, తను వెనక నిలబడి, తల పైకెత్తి కొమ్మల్లోకి బాగా చూసి, అప్పుడు ఆకాశంలోకి కాల్చాడట. తర్వాత తనూ గట్టెక్కబోయాడు. ఒక జోడు రాళ్ల సందులో ఇరుక్కుని కాలి నుంచి ఊడింది. అతను దాని కోసం వంగాడా, తూలాడా, పిల్లలు తలో రకంగా చెప్పారు. ఫ్రూమా ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది.

గుర్రాన్ని ఎవరూ తీసుకుపోలేదు. అది అతని పక్కనే నిలబడి ఉంది. దీబ్ ఆ పగలే యొర్దాను దాటి వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. మళ్లీ రాలేదు. దిగువూళ్లో ఆ తల్లి గుమ్మంలో చొక్కా ఉతికి ఆరేసింది. ఇంట్లో తినేవాళ్లు లేరు.

చంపబడ్డవాణ్ణి కడగరు, తెల్లబట్ట కట్టరు. నెత్తురు పడ్డ బట్టలతోనే మట్టిలో పెడతారు. శవసంస్కారాలు చూసే ముసలివాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒక కాలికి జోడు ఉంది. రెండోది ఎవరో గట్టు దగ్గర నుంచి తెచ్చారు.

"ఇది?" అని అడిగాడు ఒకడు.

"దాని మీదా నెత్తురుంది. తొడగండి," అన్నాడు రెండోవాడు.

ఫ్రూమా తన భర్త జోళ్లను ఆ కాళ్లకు చూసింది. తాళ్లకు ముడులు ఇంకా వెయ్యాల్సి ఉంది. ఆమె వంగి వేసింది. గట్టిగా, వదులు లేకుండా.

సాయంత్రంలోగా గుంట తవ్వారు. మన్ను తక్కువ, రాయి ఎక్కువ. పాలెమంతా వచ్చింది. ప్రార్థన అయ్యాక, పోయినవాడి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఒకడు ముందుకొచ్చాడు. కల్మాన్ చెయ్యెత్తి ఆపాడు.

"ఇవాళ కూడదు. నెల తల. ఈ రోజున విలపించడం ధర్మం కాదు."

ఫ్రూమా గుంట అంచు నుంచి తలెత్తింది.

"ఇవాళ నెల తలేనా కల్మాన్?"

అతను చేతిలోని ప్రార్థన పుస్తకం మూశాడు.

"నిన్న కాదన్నావు."

"రెండు రోజులని చెప్పాను ఫ్రూమా," అన్నాడు కల్మాన్ మెల్లగా. "మొదటిది కూడా..." అక్కడ ఆగిపోయాడు. టోపీ సర్దుకున్నాడు, మళ్లీ సర్దుకున్నాడు. కోపం తెచ్చుకోవడానికి ఆమె ప్రయత్నించింది. రాలేదు. అతను ముసలివాడు. ఎండలో నిలబడి ఉన్నాడు.

ఎవరూ ఏమీ చెప్పకుండానే మన్ను పోశారు.

మారు మనిషి అన్న ప్రకారం పొద్దుగుంకేలోగా బండి దిగాడు. పొడుగ్గా, ఎముకల పోగులా ఉన్నాడు. కల్మాన్ అతన్ని తీసుకొచ్చి ఫ్రూమా వాకిట్లో నిలబెట్టాడు. ఫ్రూమా లోపలికి వెళ్లి చాప పరిచింది.

పొద్దున్నే మందిరంలో కొమ్ము ఊదారు. కొత్తవాడు ఆ చప్పుడుకు లేచి బయటికొచ్చాడు. ఫ్రూమా రొట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉంది. మూత తీసి ఉంది. లోపల బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. కొత్తవాడి బూటు ముందు నోరు తెరుచుకుని, లోపలి వేళ్లు కనిపిస్తున్నాయి.

"మంచి బూట్లు," అన్నాడతను మొహమాటంగా. "ఎవరివి పిన్నిగారూ?"

ఫ్రూమా వాటిని బయటికి తీసింది. ఒళ్లో పెట్టుకుని దుమ్ము తుడిచింది. కూరలు కోసే కత్తి తెచ్చి, మడమ నుంచి మొదలుపెట్టి, అట్టలు రెండూ నిలువునా కోసింది. తోలు మందం. చాలాసేపు పట్టింది. కొత్తవాడు సాయం చెయ్యనా అని అడిగి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"నీ బూటు విప్పి ఇవ్వు," అంది ఆమె. "దానికే కుట్టు వేస్తాను."